ఫుల్ డే ప్రీస్కూల్: పాపకి రెండేళ్లు నిండబోతున్నాయి, వెళ్లి ఏం చూడాలి?

ప్రశ్న (పాప తల్లి)

నమస్తే అండి. మా పాపకి ఇరవై రెండు నెలలు. మా ఇద్దరివీ ఉద్యోగాలే. ఇన్నాళ్లూ అత్తయ్య చూసుకున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు బాగా ఎక్కువయ్యాయి, పాప వెనకాల పరిగెత్తడం ఇక ఆవిడ వల్ల కావట్లేదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంచుకునే చోటు కావాలి.

మూడు చూశాం. మొదటిది పెద్దది. ప్రతి గదిలో కెమెరా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్‌లో చూసుకోవచ్చు. అక్షరాలు, అంకెలు ఇప్పట్నుంచే నేర్పిస్తామన్నారు. రెండోది ఒక ఇంట్లో నడుపుతున్నారు. గోడల మీద బొమ్మలు కూడా పెద్దగా లేవు. కానీ నేను మాట్లాడినంతసేపూ ఒక బాబు అక్కడి ఆవిడ ఒళ్లోనే ఉన్నాడు, ఆవిడ దింపలేదు. మూడోది నా ఆఫీసు పక్కనే, ఇంటికి మాత్రం దూరం. కెమెరా ఉంటే ధైర్యంగా ఉంటుందని మా ఆయన మొదటిదే అంటున్నారు. నా మనసు రెండోదాని మీదకి పోతోంది, ఎందుకంటే చెప్పలేకపోతున్నాను.

ఇంకో సంగతి. మా పాపకి నిద్ర రావాలంటే పక్కన పడుకున్నవాళ్ల చెవి తమ్మె పట్టుకుని మెల్లగా నలుపుతూ ఉండాలి. అక్కడ ఎవరి చెవి పట్టుకుంటుంది అన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టడం లేదు. దయచేసి చెప్పండి, ఏం అడగాలి?

జవాబు (ఒక బాబు తండ్రి)

దూరం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో ఉంది. పన్నెండు గంటలు అనుకుందాం. తొమ్మిదిన్నర గంటలు అక్కడే ఉంటుంది, అందులో రెండు గంటలు నిద్ర అనుకున్నా, మెలకువగా మీ దగ్గర ఉండేది రోజుకి నాలుగున్నర గంటలే. ప్రయాణం కూడా అందులోంచే పోతుంది. మేం ఇంటికి దగ్గరదే తీసుకున్నాం. ఎవరికి తొందరగా కుదిరితే వాళ్లు వెళ్లి తెచ్చుకునేవాళ్లం.

జ్వరం వస్తే ఎన్నాళ్లు పంపకూడదో చేర్చకముందే అడగండి. మొదటి కొన్ని నెలలు జలుబులు వరసగా వస్తాయి, ఆ రోజుల్లో సెలవు ఎవరు పెట్టాలో మీరిద్దరూ ముందే అనుకుని ఉంచుకోండి.

జవాబు (రెండేళ్ల పిల్లల గదిలో చాలాకాలం పనిచేసిన టీచర్)

అమ్మా, మీరు చూసిన మూడూ పొద్దున పూటే చూసుంటారు. తల్లిదండ్రులు వచ్చేది ఆ వేళకే, గదులు సర్ది ఉండేదీ ఆ వేళకే. మళ్లీ సాయంత్రం నాలుగున్నరకి వెళ్లండి. రోజంతా ఉంచే చోటు ఎలాంటిదో అప్పుడే తెలుస్తుంది. అప్పటికి పిల్లలు అలిసిపోయి ఉంటారు, టీచర్లలో కొందరు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, చిన్నపిల్లల్నీ పెద్దపిల్లల్నీ ఒకే గదిలో కలిపేసి టీవీ పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ వద్దనీ, రెండేళ్లు నిండాక కూడా గంట దాటొద్దనీ పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. టీవీ గురించి అడిగితే మా దగ్గర లేదనే అంటారు, మీరే ఆ వేళకి వెళ్లి చూసుకోవడం మేలు.

ఒక్కో మనిషికి ఎంతమంది పిల్లలు అని అడిగితే పొద్దుటి లెక్క చెబుతారు. మీరు ఐదు గంటల లెక్క అడగండి. ఇంగ్లండ్‌లో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు, రెండేళ్లవాళ్లు ఐదుగురికి ఒకరు ఉండాలని నిబంధన. 2023 దాకా రెండేళ్లవాళ్లకి నలుగురికే ఒకరు. మనిషికి అంత తక్కువ మంది పిల్లలు ఉండే చోటు అన్నిచోట్లా దొరక్కపోవచ్చు. కానీ పదిహేనుమంది మధ్య ఒక్కరే కనిపిస్తే, ఆ ఒక్కరు ఎంత మంచివాళ్లయినా మీ పాప దాకా రాలేరు.

కుదిరితే ఒక్క డైపర్ మార్చడం చూడండి. పిల్లని ఎత్తుకునే ముందు మాటైనా చెప్పారా, వెనకనుంచి వచ్చి లాక్కెళ్లారా? మారుస్తున్నప్పుడు మొహంలోకి చూసి కబుర్లు చెబుతున్నారా, లేక పక్కావిడతో మాట్లాడుతున్నారా? అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నారా? పాపకి రోజూ పలుసార్లు జరిగేది ఇది. వాళ్లు చూపించే సిలబస్ కాగితం కన్నా నేను దీన్నే నమ్ముతాను.

ఇక చెవి సంగతి. అది అడగడానికి మొహమాటపడకండి, ఇలాగే అడగండి: "మా పాప చెవి పట్టుకుని పడుకుంటుంది, మీ దగ్గర ఎవరు పడుకోబెడతారు?" మంచి చోటైతే ఫలానా ఆవిడ అని ఒక మనిషిని చూపిస్తారు. అందరూ చూసుకుంటారండీ అన్నారంటే ఎవరి బాధ్యతా కాదన్నట్టే. ఆ మనిషితోనే మాట్లాడండి, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారో ఆవిడనే అడగండి. నెలకో కొత్త మొహం మారే చోట ఈ వయసు పిల్లలు చాలా నలిగిపోతారు. నిద్రపట్టని పిల్లల్ని ఏం చేస్తారో కూడా తెలుసుకోండి. చీకటిగదిలో చప్పుడు చేయకుండా పడుకోమని గదమాయించే చోట నేను ఏ బిడ్డనీ వదలను.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి)

టీచరుగారు చెప్పినవన్నీ నిజమే, కెమెరాని మాత్రం పూర్తిగా తీసిపారేయకండి. మా చిన్నవాడికి ఇంకా మాటలు రాని రోజుల్లో అది మాకు చాలా ధైర్యం ఇచ్చింది. కానీ దానికన్నా నాకు పనికొచ్చింది ఎప్పుడు వెళ్లినా తలుపు తీయడం. చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేసే చోటు అయితే కెమెరా ఉన్నా నేను చేర్చను.

ఉద్యోగం చేసే తల్లిగా ఇంకో మాట. అమెరికాలో 1991లో మొదలై వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన ఎన్‌ఐసీహెచ్‌డీ (పిల్లల ఆరోగ్యం మీద పనిచేసే అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ) అధ్యయనంలో, పిల్లల ఎదుగుదల మీద డేకేర్ కన్నా ఇంటి వాతావరణం, తల్లిదండ్రుల తీరే ఎక్కువ ప్రభావం చూపించాయి. చూసుకునే తీరు బాగున్నచోట మాటలు, తెలివితేటలు కొంత మెరుగ్గా ఉన్నాయి. పాపకి అన్యాయం చేస్తున్నానని బెంగ పెట్టుకోకండి, మంచిచోటు వెతకడం మీద మనసు పెట్టండి.

పాప తల్లి

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నిన్న నాలుగున్నరకి రెండుచోట్లకీ వెళ్లొచ్చాను. పెద్దదాంట్లో మూడు గదుల పిల్లల్ని ఒకే హాల్లో కూర్చోబెట్టారు, టీవీ నడుస్తోంది, తలుపు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక పాప బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని గేటు వైపే చూస్తూ కూర్చుంది, నేను ఉన్నంతసేపూ ఎవరూ పలకరించలేదు. ఇంట్లో నడిపే చోట కూడా పిల్లలు అలిసిపోయి ఉన్నారు, ఇద్దరు ఏడుస్తున్నారు కూడా. కానీ ఒకర్ని ఎత్తుకుని, ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ గిన్నెలో నీళ్లు పోసి ఆడిస్తున్నారు. వెనక గేటుకి గడియ సరిగ్గా పడటం లేదు, అది బాగుచేయిస్తేనే చేరుస్తానని చెప్పాను. సోమవారం మా ఆయన కూడా అదే టైముకి వచ్చి చూస్తానన్నారు. చేర్చాక మొదటి రోజుల్లో ఎలా అలవాటు చేయాలి?

జవాబు (టీచర్)

గడియ గురించి గట్టిగా అడిగి మంచిపని చేశారు. మొదటి రెండు మూడు రోజులు మీరు కూడా లోపలే కూర్చోండి. తర్వాత గంట వదిలి రండి, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా, పాప అక్కడ నిద్రపోవడం మొదలెట్టాకే సాయంత్రం దాకా. ఇద్దరిలో ఒకరు రెండు వారాలు సెలవు పెట్టగలిగితే తొందరపడక్కర్లేదు. ఆటలో ఉండగా చూసి చెప్పకుండా జారుకోవద్దు, అలా చేస్తే మిమ్మల్ని ఇంట్లో కూడా వదలదు. వెళ్తున్నానని చెప్పి, ముద్దు పెట్టి, ఏడుస్తున్నా ఆవిడ చేతికిచ్చి వచ్చేయండి. పది నిమిషాలయ్యాక ఫోన్ చేసి కనుక్కోండి, మంచివాళ్లయితే విసుక్కోరు.