ఆకలి గురించి సండే స్కూల్ పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (సండే స్కూల్ టీచర్):

అందరికీ వందనాలు. ఆరు నుంచి పదేళ్ళ పిల్లలకు పాఠం చెప్తాను. పోయిన నెల పేద దేశాల్లో ఆకలితో ఉన్న పిల్లల గురించి చెబుదామని, ఎముకలు తేలిన ఒక చిన్నబాబు ఫోటో పెద్దది చేయించి గోడకు అంటించాను. పిల్లల మనసు కరగాలన్నదే నా ఉద్దేశం.

అంతా గమ్మునైపోయారు. కాసేపటికి ఏడేళ్ళ పాప చెయ్యెత్తి, "టీచర్, వాళ్ళమ్మకి ఆ బాబంటే ఇష్టం లేదా? తినడానికి ఎందుకు పెట్టలేదు?" అంది. "వాళ్ళు పేదవాళ్ళమ్మా" అన్నాను. అది జవాబు కాదని ఆ పాప ముఖంలోనే తెలిసిపోయింది. కానుక డబ్బా మాత్రం నిండింది. ఆ వారంలోనే ఇంకో బాబు తల్లి ఫోన్ చేసింది. వాడు రోజూ సగం కంచం వదిలేసి, "ఇది ఆ బాబుకి పంపించు" అని ఏడుస్తున్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఫోటో తీసేశాను. పాఠం వదలాలని మాత్రం లేదు. భయపెట్టకుండా, నిజం దాచకుండా ఎలా చెప్పాలి?

జవాబు 1 (నర్సు):

సిస్టర్, నేను సాహెల్ ప్రాంతంలో, అంటే సహారా ఎడారికి దక్షిణాన, పిల్లల పోషకాహార కేంద్రంలో కొన్నేళ్ళు పనిచేశాను. ఆ పాపకి నా మాటగా చెప్పండి: ఆ తల్లులు బిడ్డని వీపుకి కట్టుకుని, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరి, గంటల తరబడి నడిచి మా దగ్గరకు వచ్చేవాళ్ళు. ఇష్టం లేనివాళ్ళు అంత దూరం నడవరు.

ఎందుకు పెట్టలేదో కూడా చెప్పొచ్చు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా గడ్డుకాలం. పోయినేటి గింజలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేలోనే ఉంటుంది. ఆ నెలల్లోనే వానలు, మలేరియా, విరేచనాలు. యుద్ధం వల్ల దారులు మూసుకుపోతే ఇక చెప్పక్కర్లేదు. ఇవన్నీ పదేళ్ళ పిల్లలకు బాగానే అర్థమవుతాయి.

పిల్లలకు చూపించగల వస్తువు ఒకటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత చూసే రంగుల టేపు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. 11.5 కంటే తగ్గితే ఎరుపు, అంటే ప్రాణానికే ప్రమాదం. 11.5 సెంటీమీటర్ల కాగితపు పట్టీని గుండ్రంగా అతికించి బల్ల మీద పెట్టండి చాలు. మీ పిల్లల చేతులకు మాత్రం కొలవనివ్వకండి. ఆ కొలత వాళ్ళ వయసుకి వర్తించదు, పైగా సన్నగా ఉన్న పిల్లల్ని మిగతావాళ్ళు ఏడిపిస్తారు.

వెంటనే వైద్యం గురించి కూడా చెప్పండి. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన 92 గ్రాముల ప్యాకెట్, 500 కేలరీలు. నీళ్ళు కలపక్కర్లేదు, మంచినీళ్ళు దొరకని చోట అదే పెద్ద మేలు. మిగతా జబ్బులేమీ లేకపోతే తల్లి ఇంట్లోనే తినిపించుకోవచ్చు. చాలామంది పిల్లలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేరుకుంటారు. ఎరుపులో వచ్చిన బిడ్డ ఆకుపచ్చకి చేరి, నా పెన్ను లాక్కుని పరుగెత్తడం చాలాసార్లు చూశాను. ఆ సంగతి చెప్పకుండా పాఠం ముగించకండి.

జవాబు 2:

నేను చిన్నప్పుడు దాతలు పంపే సహాయం అందుకున్నదాన్ని. ఫీజు, పుస్తకాలు దాంతోనే వచ్చాయి, ఈ రోజుకీ కృతజ్ఞత ఉంది. కానీ ఏటా ఫోటో తీసేటప్పుడు నవ్వకూడదని చెప్పేవారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తాడాటలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆ సంగతి డబ్బు పంపేవాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. అక్కా, మీ పిల్లలకు ముందు ఆ పిల్లలు ఏం ఆడుకుంటారో చెప్పండి, తర్వాత ఆకలి గురించి చెప్పండి.

జవాబు 3 (పాస్టర్ గారి భార్య):

బైబిల్లో అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం తీసుకోండమ్మా. కరువు రాబోతుందని అగబు అనే ప్రవక్త చెప్పగానే అంతియొకయ పట్టణంలోని శిష్యులు ఒక్కొక్కరు తమ శక్తి కొద్దీ యూదయలోని సహోదరులకు సొమ్ము పంపారు, బర్నబా, సౌలుల చేత. పిల్లలు గమనించాల్సింది ఇంకొకటుంది. అంతియొకయకు సువార్త వచ్చింది యూదయలోని యెరూషలేము నుంచి చెదిరిపోయినవాళ్ళ ద్వారా. అంటే అందుకున్నవాళ్ళు ముందే వీళ్ళకు ఇచ్చి ఉన్నారు. ఇక ఆ సగం కంచం బాబును దగ్గర కూర్చోబెట్టుకుని, నువ్వు కడుపునిండా తింటే ఎవరి వంతూ తగ్గదు నాన్నా అని చెప్పండి. ఈ మాట మీరే చెప్పాలి, వాడి భయం మీ క్లాసులో మొదలైంది కదా.

ప్రశ్న అడిగిన టీచర్:

నిన్న చెప్పాను. మొదట గడ్డుకాలం, తర్వాత చీకట్లో నడిచే తల్లి, ఆ తర్వాత కాగితపు పట్టీ. ఎవరూ ఏడవలేదు. ఆ బాబుతో విడిగా మాట్లాడాను, రాత్రి పూర్తిగా తిన్నాడని వాళ్ళమ్మ మెసేజ్ పెట్టింది. పాప మాత్రం మళ్ళీ చెయ్యెత్తింది: "ఆ అమ్మ వచ్చేటప్పుడు మిగతా పిల్లల్ని ఎవరి దగ్గర వదిలింది?" నర్సు సిస్టర్, మీకు తెలిస్తే చెప్పరా? ఆదివారం దానికి జవాబు చెప్పాలి.