పక్క ట్యాబ్ తెరిచి చూసే అలవాటు పిల్లలకు ఎలా చేయాలి?

ఎనిమిది, తొమ్మిది తరగతులకు 40 నిమిషాల పీరియడ్లు ఆరింటిలో ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పాలి. మొదటి రెండిటికీ ఢోకా లేదు. మాటల్ని కోట్స్‌లో పెడితే అదే వరుసలో ఉన్న పేజీలు వస్తాయనీ, అక్కర్లేని మాటకు ముందు మైనస్ ఆనించి రాయాలనీ, ఒకే సైటులో వెతకాలంటే సైట్ (site) అన్న మాట పక్కన కోలన్ పెట్టాక ఖాళీ వదలకుండా ఆ సైటు పేరు రాయాలనీ చూపిస్తే చాలు. (ఆ ఖాళీ వదిలి ‘పనిచేయట్లేదు’ అనేవాళ్లు ఎలాగూ ఉంటారు.)

చిక్కంతా ఏ పేజీని నమ్మాలో తేల్చే దగ్గరే. చెక్‌లిస్టు ఇస్తే అదే పేజీలో కూర్చుని టిక్కులు పెట్టేస్తారు: డిజైన్ బాగుంది, ‘మా గురించి’ ఉంది, చివర డాట్ ఆర్గ్ ఉంది. డాట్ ఆర్గ్ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు కదా! అసలు లేని జీవి గురించి 1998లో సరదాకి పెట్టిన ‘చెట్టు ఆక్టోపస్’ సైటు కూడా ఇలాంటి పరీక్షలో గట్టెక్కేస్తుంది. అందుకే, ఆన్‌లైన్ సమాచారాన్ని సరిచూడడం నేర్పే మైక్ కాల్‌ఫీల్డ్ రూపొందించిన సిఫ్ట్ (SIFT) పద్ధతికి మారాలని ఆలోచన: ముందు ఆగడం, రాసిందెవరో ఆ పేజీ బయట, పక్క ట్యాబ్‌లో వెతకడం, ఇంకా మంచి కథనం చూడడం, మాటైనా ఫొటో అయినా మొదట వచ్చిన చోటికి వెళ్లడం.

ఇది క్లాసులో నడిపినవాళ్లు చెప్పండి. పక్క ట్యాబ్ తెరిచాక కూడా పైన కనిపించే ఏఐ సారాంశం దగ్గరే ఆగిపోతే ఏం చేస్తున్నారు? మార్కులు జవాబుకా, వెతికిన దారికా? దారికైతే దాన్ని పిల్లలతో ఎలా రాయిస్తున్నారు? ఒక్కో ఉదాహరణకు ఎన్ని నిమిషాలు పడుతుంది? ఇద్దరికి ఒక కంప్యూటర్ లెక్కన చెప్పండి.