సినీబెంచ్, ఫర్‌మార్క్ రెండూ ఓకే, గేమ్ మాత్రం మధ్యలో ఎగిరిపోతోంది

కృష్ణలంక_కుర్రాడు:
అన్నలూ, కొత్త పీసీ. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, డీడీఆర్5 6000 స్పీడ్ ర్యామ్ 16 జీబీ స్టిక్స్ రెండు, ప్రాసెసర్ బాక్సులో వచ్చిన కూలరే. ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు తిప్పితే స్కోరు 13 వేల పైన వస్తోంది కానీ టెంపరేచర్ నేరుగా 95కి ఎక్కి అక్కడే కూర్చుంటోంది. గ్రాఫిక్స్ కార్డుని పరీక్షించే ఫర్‌మార్క్ పావుగంట నడిపినా కార్డు 75 దాటలేదు. తీరా గేమ్ ఆడితే అరగంటకో గంటకో ఏ మెసేజూ లేకుండా డెస్క్‌టాప్‌కి వచ్చి పడుతోంది. షాపులో విండోస్ మళ్లీ ఎక్కించమన్నారు, ఎక్కించాను, అదే కథ. విజయవాడ ఎండలు తెలిసినవేగా, గదిలో ఏసీ లేదు. కొత్త కూలర్ కొనాల్సిందేనా?

మెకానిక్_మావ:
ఆగు తమ్ముడూ, డబ్బులు ఖర్చుపెట్టకు. ఆ ప్రాసెసర్‌కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దే 95, అక్కడికి చేరగానే అదే స్పీడ్ తగ్గించుకుంటుంది. చిన్న కూలర్‌తో, ఎండాకాలంలో, అన్ని కోర్లూ ఫుల్లుగా పనిచేస్తుంటే అంత రావడం మామూలే. గేమ్‌లో అంత లోడ్ ఉండదు, టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి ఆడి చూడు, చాలా తక్కువే కనిపిస్తుంది. టెంపరేచర్ రాసుకునేటప్పుడు గది వేడి కూడా పక్కనే రాయి. 24 డిగ్రీల ఏసీ గదిలో వాళ్ల నంబర్లతో 36 డిగ్రీల గదిలో నీ నంబర్లు పోల్చుకుంటే ఊరికే భయపడతావు.

అసలు విషయం వేరే. సినీబెంచ్ ప్రాసెసర్‌ని పిండుతుంది, ఫర్‌మార్క్ కార్డుని కాలుస్తుంది, ర్యామ్‌ని రెండూ పెద్దగా ముట్టుకోవు. అంటే నువ్వు ఇంతవరకూ ర్యామ్‌ని టెస్ట్ చేయనే లేదు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని డబ్బా మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేశావా? ఆ ప్రాసెసర్‌కి అధికారికంగా సపోర్ట్ ఉన్నది 5200 వరకే, 6000 అంటే ఓవర్‌క్లాక్ (హద్దు దాటించి నడపడం) కిందే లెక్క. చాలామందికి హాయిగా నడుస్తుంది, కొందరికి ఇలా సతాయిస్తుంది. ఎక్స్‌పో ఆఫ్ చేసి అదే గేమ్ ఆడు. తర్వాత మళ్లీ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసుకుని రాత్రి పడుకునే ముందు పెట్టెయ్. నాలుగు పాస్‌లూ (రౌండ్లు) పూర్తవ్వాలి. ఎర్ర లైను ఒక్కటి వచ్చినా ఫెయిలే, 'ఒక్కటేగా' అనుకోవద్దు.

రాత్రి_షిఫ్ట్:
మావ చెప్పింది కరెక్టే కానీ మెమ్‌టెస్ట్ పాసైతే ర్యామ్ మంచిదే అని తీర్మానించకండి. అది నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది, క్యాబినెట్ చల్లగా ఉంటుంది. గేమ్‌లో కార్డు వదిలే వేడంతా లోపలే తిరుగుతుంది, ర్యామ్ వేడెక్కాకే తప్పులు మొదలయ్యే కేసులు నేను చూశాను. అందుకే ప్రైమ్95 అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ర్యామ్ మీద కూడా లోడ్ వేసే లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ ఆప్షన్ పెట్టి, పక్కన కార్డుకి కూడా లోడ్ ఇచ్చి ఓ గంట వదలాలి. స్మాల్ పెడితే ప్రాసెసర్ వేడెక్కడమే తప్ప ర్యామ్ మీద లోడ్ పడదు. సైడ్ ప్యానెల్ తీసేసి టెస్ట్ చేసేవాళ్లున్నారు, రోజూ తీసే ఆడతారా మరి? మూసే చేయండి. పీసీ చిన్న యూపీఎస్ మీద ఉంటే ఇంత లోడ్ అది మోయకపోవచ్చు, ఆ గంటసేపు కరెంటు పోకూడదని దండం పెట్టుకోండి.

కృష్ణలంక_కుర్రాడు:
మావా, ఎక్స్‌పో ఆఫ్ చేశాక ర్యామ్ 4800 చూపిస్తోంది, సాయంత్రమంతా ఆడినా ఒక్కసారి కూడా పడిపోలేదు! ఆన్ చేసి మెమ్‌టెస్ట్ పెడితే రెండో పాస్‌లోనే ఎర్ర లైన్లు. ఇప్పుడేం చేయాలి, 4800 తోనే సర్దుకుపోవాలా?

మెకానిక్_మావ:
6000కి డబ్బు కట్టి 4800 తో ఎందుకు సర్దుకుంటావు? ముందు మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ ఉంటే వేసుకో, ర్యామ్ కంపాటిబిలిటీ సమస్యలు చాలావరకు దాంతోనే పోతాయి. అది వేసేటప్పుడు కరెంటు పోతే బోర్డుకే ముప్పు, కోత లేని టైమ్ చూసుకో. అయినా ఎర్ర లైన్లు వస్తుంటే ఒక స్టిక్ తీసేసి, రెండోదాన్ని ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి టెస్ట్ చెయ్, తర్వాత దాన్ని తీసి అదే స్లాట్‌లో మొదటిది పెట్టి చెయ్. ఒకదానికే తప్పులొస్తే ఆ స్టిక్ పోయినట్టే. స్క్రీన్ ఫోటో తీసుకుని వారంటీకి వెళ్లు, రెండు స్టిక్స్‌నీ కలిపే ఇవ్వు, కిట్‌గా అమ్మినవి కిట్‌గానే మారుస్తారు.