మోల్స్ నుంచి గ్రాములకి వచ్చేటప్పుడు ఆ 4తో ఎక్కడ గుణించాలి?

చీపురుపల్లి ఫస్టియర్:
అన్నయ్యలూ మాస్టార్లూ ఒక డౌటు. 8.7 గ్రాముల మాంగనీస్ డయాక్సైడ్ మొత్తం రియాక్టవ్వాలంటే ఎన్ని గ్రాముల హెచ్‌సీఎల్ కావాలి అని లెక్క. ఈక్వేషన్‌లో (MnO₂ + 4HCl → MnCl₂ + Cl₂ + 2H₂O) ఒకటికి నాలుగు హెచ్‌సీఎల్ ఉన్నాయి కదా, మా ఫ్రెండు 8.7ని 4తో గుణించీసి 34.8 అంటున్నాడు, కీలో ఏమో 14.6 ఉంది. కీ తప్పేటి? అసలు ఎప్పుడు గుణించాలో ఎప్పుడు భాగించాలో బుర్రకెక్కట్లేదు, బట్టీ పట్టినా పరీక్షలో తిరగబడిపోతోంది.

పలాస మాస్టారు:
కీ కరెక్టే బాబూ. ఆ 4 గ్రాములకి సంబంధించింది కాదు, మోల్స్‌కి, అంటే కణాల లెక్కకి. మా ఉద్దానంలో కొబ్బరికాయలు లెక్కపెట్టి అమ్ముతారు, జీడిపిక్కలు తూకంలో అమ్ముతారు, ఈక్వేషన్‌దేమో కొబ్బరికాయల బేరం, మన చేతిలో ఉన్నదేమో త్రాసు. అందుకే ముందు గ్రాముల్ని మోల్స్ చెయ్యాలి. మాంగనీస్ 55, రెండు ఆక్సిజన్లు 32, మొత్తం 87, అదే ఒక మోల్ బరువు, అంటే మోలార్ మాస్. 8.7ని 87తో భాగిస్తే 0.1 మోల్. ఇప్పుడు కొట్టు నీ 4ని, 0.4 మోల్ హెచ్‌సీఎల్. దాని మోలార్ మాస్ 36.5, గుణిస్తే 14.6 గ్రాములు. అంతే.
తిరగబడిందో లేదో చూసుకోడానికి ఒకటి గుర్తుపెట్టుకో, అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ పరమాణువులే ఒక మోల్ దాదాపు 1 గ్రాము ఉంటాయి, కాబట్టి గ్రాముల అంకె మోల్స్ అంకె కన్నా చిన్నదిగా వచ్చిందంటే గుణించాల్సిన చోట భాగించీసినట్టో, భాగించాల్సిన చోట గుణించీసినట్టో లెక్క.

గరివిడి ల్యాబ్:
మాస్టారు చెప్పింది ప్యూర్ సరుక్కి. మన గర్భాం వైపు తవ్వే మాంగనీస్ రాయి ప్యూర్‌గా ఎక్కడుంటాది, ఎంట్రన్స్ పేపర్లో 14.5 గ్రాముల ఓర్ (ముడి ఖనిజం), అందులో 60 శాతమే మాంగనీస్ డయాక్సైడ్ అని మెలిక పెడతారు, ముందు 0.6తో కొడితే మళ్ళీ అదే 8.7. ఈ స్టెప్పు మర్చిపోయి డైరెక్టుగా 87తో భాగించీసేవాళ్ళే ఎక్కువ.

బొబ్బిలి అక్క:
ప్రాక్టికల్స్‌లో ఇంకోటి, సీసా మీద ఫార్ములా చివరిదాకా చదవండి. ఆగ్జాలిక్ యాసిడ్ అంటే మోలార్ మాస్ 90 అని వేసీసుకుంటారు, ల్యాబుల్లో మామూలుగా ఉండే తెల్ల పలుకులు రెండు నీటి అణువులతో కలిసి ఉంటాయి, అది 126. 250 ఎంఎల్‌లో 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్) కావాలంటే 0.025 మోల్, అంటే 3.15 గ్రాములు తూచాలి, 90 లెక్కన 2.25 తూస్తే ద్రావణం పలచనైపోయి టైట్రేషన్ రీడింగులన్నీ తేడా కొడతాయి.

చీపురుపల్లి ఫస్టియర్:
థాంక్యూ మాస్టారూ, థాంక్యూ అక్కా. మరైతే అదే లెక్కలో క్లోరిన్ గ్యాస్ ఎన్ని గ్రాములొస్తుందంటే 0.1 మోల్, 35.5తో కొడితే 3.55 కదా?

పలాస మాస్టారు:
గ్యాసులో క్లోరిన్ జంటగా ఉంటుంది నాయనా, 71తో కొట్టు. 7.1.