అప్‌డేట్: ఊరేగింపులో పాటలకు 80 వేలు కట్టమన్న నోటీసు

అప్పుడు అడిగింది గుర్తుచేస్తాను. మాది బ్యాండు మేళం. పెళ్లి ఊరేగింపులో సినిమా పాటలు వాయించామని, ఆ పాటల హక్కులు తమవంటూ 15 రోజుల్లో 80 వేలు కట్టమని ఒక కంపెనీ లాయర్ నోటీసు పంపాడు. కట్టాలా అని అడిగాను.

కట్టలేదు. మూడేళ్లు దాటింది. ఇలాంటి దావాకు మామూలుగా ఉండే గడువు కూడా అంతే. కోర్టు నుంచి ఒక్క కాగితం రాలేదు.

మీలో ఒకరు చెప్పిన సెక్షనే కాపాడింది: 1957 కాపీరైట్ చట్టం, 52(1)(జెడ్‌ఏ). ఎక్కడ పాటలు వాయిస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదో చెప్పే సెక్షన్ అది; పెళ్లి ఊరేగింపు, పెళ్లి వేడుకలు అందులో మాటకు మాట ఉన్నాయి. అదే రాసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టులో జవాబిచ్చాం. అయితే హోటల్లో న్యూఇయర్ పార్టీకి వాయిస్తే ఇది వర్తించదు, జాగ్రత్త.

పోస్టాఫీసు దగ్గర మరో మేళం మేస్త్రి కలిశాడు. ఆయన చేతిలోనూ అదే కవరు, అదే 80 వేలు. పాపం, అప్పటికే సగం కట్టేశాడు. అడుగుతూ పోతే తొమ్మిది మేళాలు తేలాయి. ఒకప్పుడు ముహూర్తాల కోసం కొట్టుకున్నవాళ్లం. మొన్న మాఘంలో మా క్లారినెట్ రీడు చీలిపోతే, ఆ మేస్త్రే బండి మీద వచ్చి తనది ఇచ్చి వెళ్లాడు.

జవాబు నకలు కావాలంటే అడగండి, ఇస్తాను.