పార్కిన్‌సన్స్‌కు మూలకణాల ఇంజెక్షన్లు: ఇది పరిశోధనేనా?

గాజువాక వాసి అడిగిన ప్రశ్న

నమస్కారం. ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొందిన మా నాన్నగారికి కుడి చేతి వణుకుతో మొదలై, నడక మందగించి, సంతకంలోని అక్షరాలు కూడా క్రమంగా చిన్నవైపోవడంతో న్యూరాలజిస్టుకు చూపించాము. పార్కిన్‌సన్స్ వ్యాధి అని నిర్ధారించి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలు రాశారు. మాత్ర పనిచేస్తున్నంతసేపు ఆయన బాగానే తిరుగుతారు. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడే కొద్దీ ఒళ్లు బిగుసుకుపోతుంది.

ఈ మధ్య ఒక చికిత్సా కేంద్రం వారు వెన్నులోకి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే జబ్బు వెనక్కి మళ్లుతుందనీ, ఇది పరిశోధనలో భాగమే గనుక ముందుగా చేరేవారికి రుసుము తగ్గిస్తామనీ చెప్పారు. అమ్మ తన నగలు తాకట్టు పెట్టడానికైనా సిద్ధంగా ఉంది. నాన్నగారు "నా వల్ల మరొకరికి మేలు జరుగుతుందంటే చేరతాను" అంటున్నారు. మూలకణాల పరిశోధన ఇప్పటికి ఎంతవరకు వచ్చింది? ఇది నిజమైన పరిశోధన అవునో కాదో మాలాంటివారు తేల్చుకునే మార్గం ఏమిటి? మా పెదనాన్నగారు దూలగొండి గింజల పొడి వాడమంటున్నారు. దాని సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరని మనవి.

మహారాణిపేట నుంచి ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు

ముందుగా ఒక్క మాట: మీ అమ్మగారిని నగలు తాకట్టు పెట్టనివ్వకండి. భారత వైద్య పరిశోధనా మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణాల మార్పిడిని మినహాయిస్తే, మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో, అంటే రోగులపై పద్ధతిగా జరిపే పరీక్షలో, భాగంగా మాత్రమే రోగికి ఇవ్వాలి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. కాబట్టి "పరిశోధన", "తగ్గింపు రుసుము" అనే రెండు మాటలూ ఒకే నోట వచ్చినప్పుడే అనుమానించాలి.

ఇక అసలు పరిశోధన సంగతి. ఈ వ్యాధిలో మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తాయి. రోగుల మెదళ్లలో డోపమిన్ తగ్గిపోయిందని 1960లో వియన్నా శాస్త్రజ్ఞుడు హార్నికీవిచ్ బృందం చూపించింది. ఆ లోటును పూరించే లెవోడోపాను నోటి ద్వారా పెద్ద మోతాదులో, నెమ్మదిగా పెంచుతూ ఇవ్వవచ్చని 1967లో అమెరికాలోని వైద్యుడు కోట్జియాస్ నిరూపించారు. మీ నాన్నగారు వేసుకుంటున్న మాత్రకు మూలం అదే. నశించిన కణాల స్థానంలో కొత్తవాటిని నాటగలమా అన్నది దాని తర్వాతి ప్రశ్న. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో దీనిపై రెండు అధ్యయనాలు వచ్చాయి. జపాన్‌లోని క్యోటోలో 7 మంది రోగులకు, దాతల కణాల నుంచి రూపొందించిన డోపమిన్ కణాలను శస్త్రచికిత్స ద్వారా మెదడులోని పుటామెన్ అనే భాగంలో నాటి, రెండేళ్లపాటు గమనించారు. తీవ్రమైన దుష్ప్రభావాలు కనిపించలేదు. ఫలితం లెక్కించిన ఆరుగురిలో నలుగురికి, మాత్ర ప్రభావం లేని వేళల్లో కదలిక మెరుగుపడింది. అమెరికా, కెనడాలలో 12 మందిపై ఇలాంటి అధ్యయనమే జరిగింది. ఇవి ప్రధానంగా భద్రతను తేల్చడానికి చేసిన తొలి అడుగులు. పోల్చి చూడడానికి, కణాలు నాటని రోగుల బృందం వీటిలో లేదు. ఆశ కలిగించే పనే, నాకూ ఆ ఆశ బలంగానే ఉంది. కానీ అక్కడ కణాలను నేరుగా మెదడులో నిర్ణీత స్థానంలో నాటారు, వాటిని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు ఇచ్చారు. వెన్నులోకి ఏవో కణాలు ఎక్కించడానికీ దీనికీ సంబంధం లేదు.

నిజానిజాలు తేల్చుకోవడానికి ఆ కేంద్రాన్ని సీటీఆర్‌ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగండి. మన దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ ఆ జాతీయ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. నమోదు ఒక్కటే చాలదు. రోగుల హక్కులను, భద్రతను చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, మీ నాన్నగారు చదివి అర్థం చేసుకోగల తెలుగు సమ్మతి పత్రం, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ ఇస్తామన్న హామీ, ఎప్పుడైనా తప్పుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి.

మధురవాడ పాఠకుడు

దూలగొండి గురించి చెబుతాను. పెదనాన్నగారి మాటను కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే ఆ గింజల్లో ఉన్నది లెవోడోపాయే. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రజ్ఞులు దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు. చిక్కంతా మోతాదుతోనే. పొడిలో మందు ఎంత ఉందో ప్యాకెట్టు ప్యాకెట్టుకూ మారుతుంది. మాత్రలకు తోడు అది కూడా వేస్తే మోతాదు మించి, వాంతులు, రక్తపోటు పడిపోవడం, అదుపులేని కదలికలు రావచ్చు. డాక్టరుగారికి చెప్పకుండా మొదలుపెట్టవద్దు. అలాగే పప్పు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తుల ఆహారం లెవోడోపాను పేగుల్లోనూ, మెదడులోకి వెళ్లే దారిలోనూ అడ్డుకుంటుంది. మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట ఆగి టిఫిను తినేలా చూడండి.

సీతమ్మధార గృహిణి

అత్తయ్యగారికి వణుకు వచ్చినప్పుడు డాక్టరుగారు మొదట అడిగింది ఆమె వాడే ఇతర మందుల గురించే. గ్యాస్ మాత్రల్లో కలిసి ఉండే లెవోసల్పిరైడ్, తల తిరగడానికి ఇచ్చే సిన్నరిజిన్ వంటివి పార్కిన్‌సన్స్‌ను పోలిన లక్షణాలు తెస్తాయట. ఉన్న వ్యాధిని ఎక్కువ కూడా చేస్తాయట. మీ నాన్నగారి మందుల పెట్టె మొత్తం ఒకసారి చూపించండి.

గాజువాక వాసి

అందరికీ కృతజ్ఞతలు. నంబరు అడిగితే ఆ కేంద్రం వారు "అది లోపలి విషయం" అన్నారు, ఇక అటు వెళ్లము. నాన్నగారి కోరిక మాత్రం అలాగే ఉంది. మన వైపు రోగులు నిజమైన పరిశోధనలో పాల్గొన్న సందర్భాలు ఉన్నాయా?

మహారాణిపేట అధ్యాపకురాలు

ఉన్నాయండి. మాత్ర ప్రభావం తగ్గే వేళల్లో వచ్చే బిగుతుకు వాడే సఫినమైడ్‌ను భారత్, రొమేనియా, ఇటలీలలో 669 మందిపై పరీక్షించిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. ఆ పత్రానికి ప్రథమ రచయిత హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన రూపమ్ బోర్గోహైన్. ఆ మందుకు 2015లో ఐరోపాలో, 2017లో అమెరికాలో అనుమతి లభించింది.

అయితే చేరిన ప్రతి రోగికీ మేలు జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. మధుమేహానికి వాడే ఎక్సెనటైడ్ ఈ వ్యాధి వేగాన్ని తగ్గిస్తుందని 62 మందిపై చేసిన చిన్న ట్రయల్‌లో అనిపించింది. 194 మందితో 96 వారాలు నడిపిన పెద్ద ట్రయల్‌లో ఆ ప్రయోజనం కనిపించలేదని 2025లో తేలింది. అందులో పాల్గొన్నవారి శ్రమ వృథా అని నేను అనుకోను. పనిచేయని మందుకు లక్షలమంది డబ్బు పోయకుండా ఆపింది వారే. ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పి, ఆ తర్వాతే ఆయన అభిప్రాయం అడగండి.

ప్రస్తుతానికి ఆయన మాత్ర వేసుకున్న సమయం, బాగా కదలగలిగిన వేళలు, బిగుసుకున్న వేళలు ఒక నోటుపుస్తకంలో రోజూ రాయించండి. ట్రయల్‌లో చేర్చుకునే ముందు చాలాచోట్ల ఇలాంటి డైరీనే అడుగుతారు. అంతకంటే ముందు, మీ న్యూరాలజిస్టు మోతాదులు సర్దడానికి అది ఈ వారమే పనికొస్తుంది.