ఎండకి మాడుతున్న సోలార్ ప్యానెళ్ల మీద మధ్యాహ్నం నీళ్లు కొట్టొచ్చా?

గాజువాక_రమణ
మేడ మీద రేకుల షెడ్డుకి 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. ఈ ఎండల్లో ఒంటిగంటకి ఇన్వర్టర్ 1.9 కిలోవాట్లే చూపిస్తోంది. పైపుకి చిల్లులు పెట్టి ప్యానెళ్ల పైఅంచున బిగించాను. బోరు మోటారు వేసి నీళ్లు వదిలితే ఐదు నిమిషాల్లో 2.2కి ఎక్కింది. ఇంకెవరైనా ఇలా చేస్తున్నారా?

వైరింగ్_మావయ్య
రమణ గారూ, దయచేసి ఆపండి. ప్యానెల్ మీద రాసిన వాట్లు లోపల కరెంటు పుట్టించే సెల్ 25 డిగ్రీలున్నప్పటి లెక్క. ఎండలో అది 65 దాకా పోతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకి 14 శాతం పోతుంది. అంటే మీ 3 కిలోవాట్లలో 0.4. గంటసేపు పూర్తిగా చల్లార్చినా దక్కేది 0.4 యూనిట్. ఒక హెచ్‌పీ మోటారు అరగంట తిరిగితే 0.37 యూనిట్ అదే తినేస్తుంది. పైగా కాలిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు. లోపల సెల్‌కి కంటికి కనపడని బీటలు రావచ్చు.

గాజువాక_రమణ
రెండు వేసవుల నుంచి పోస్తున్నాను, ఒక్క అద్దం పగల్లేదు. మే నెలలో గాలివాన కూడా కాలిన ప్యానెళ్ల మీదే పడుతుంది కదా? దానికెందుకు పగలవు?

వైరింగ్_మావయ్య
వానకి ముందు మబ్బు పడుతుంది, చల్లగాలి వీస్తుంది. చినుకు పడేసరికే ప్యానెల్ సగం చల్లారి ఉంటుంది. వాన నీళ్లలో ఉప్పు ఉండదు. మీ బోరు నీళ్లు ఆరాక తెల్లటి పొర కడుతుంది, అది ఒకపట్టాన వదలదు.

పెందుర్తి_కుర్రాడు
పైన గ్రీన్ నెట్ కడితేనో?

సీతమ్మధార_లక్ష్మి
నీడ పడితే కరెంటే తగ్గిపోతుంది తమ్ముడూ.

మల్కాపురం_మేడ
మాకు వేడి కంటే పోర్టు బొగ్గు ధూళే పెద్ద బాధ. గుడ్డతో తుడిస్తే కాటుకలా వస్తుంది. తెల్లవారి 6 గంటలకి, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు మెత్తటి మాపుతో కడుగుతాం. రమణ గారికి పెరిగిన దాంట్లో కొంత ధూళి పోవడం వల్లేమో చూసుకోండి.

గాజువాక_రమణ
ధూళి కాదు, వేడే. మన విశాఖ ముడసర్లోవ రిజర్వాయర్‌లో నీళ్ల మీదే ప్యానెళ్లు తేల్చారు. ఎన్టీపీసీ సింహాద్రిలో 2021లో 25 మెగావాట్లు అలాగే పెట్టారు. నీళ్ల వల్ల మేలు లేకపోతే వాళ్లెందుకు పెడతారు?

వైరింగ్_మావయ్య
అక్కడ నీళ్లు కింద ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం అద్దం మీద పోయడం లేదు. కింద చల్లగాలి ఆడుతుంది, అంతే. మీ ప్యానెళ్ల కింద గాలి ఆడుతోందా?

గాజువాక_రమణ
ఆ మాట నన్నడుగుతారేం? రేకుకీ ప్యానెల్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టవు. బిగించినవాళ్లని ఎత్తు లేపమంటే తుఫానుకి ఎగిరిపోతాయన్నారు. రోజుకి 12 యూనిట్లు గ్యారంటీ అని చెప్పి లోను పెట్టించారు. తొమ్మిది దాటడం లేదు. ఫోన్ చేస్తే "ఎండాకాలం అంతే సార్" అంటారు. మీరూ ఆ పనిలోనే ఉన్నారు కాబట్టి తప్పంతా నా నీళ్ల మీదకి తోస్తున్నారు.

వైరింగ్_మావయ్య
నేనూ బిగిస్తాను, దాచడం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలికి మా వీధిలో సోలార్ వాటర్ హీటర్ లేచి పక్కింటి వాకిట్లో పడింది. అది చూసినవాణ్ని, ఎత్తు అంటే భయమే. కానీ జానెడు సందు వదిలి, షెడ్డు ఇనుప పైపులకే గట్టిగా బోల్టులు వేయొచ్చు. మీకు అలా చేయకపోవడం తప్పే. నా అసలు భయం అద్దం పగలడం గురించి కాదు, షాక్ గురించి. ఆరు ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటే 250 వోల్టుల డీసీ. కింద స్విచ్ కట్టేసినా ఎండ ఉన్నంతసేపూ పైన కరెంటు ఉంటుంది. మన ఉప్పుగాలికి కనెక్టర్లు, ఎర్తింగ్ నట్లు తుప్పు పడతాయి. మా హెల్పర్ కుర్రాడు తడి ప్యానెల్ ఫ్రేమ్ పట్టుకుని షాక్ కొట్టి నిచ్చెన మీంచి పడ్డాడు, భుజం విరిగింది. ఒక్కటి చెప్పండి, నీళ్లు పోసినప్పుడు ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగిందా?

గాజువాక_రమణ
రెండుసార్లు వెలిగింది. కాసేపటికి దానంతటదే పోయింది.

సీతమ్మధార_లక్ష్మి
మీరు పగలు డ్యూటీలో ఉంటారు కదా రమణ గారూ. ఒంటిగంటకి పైన నీళ్లు వదిలేదెవరు?

గాజువాక_రమణ
అమ్మ. వాల్వు షెడ్డు పక్కనే ఉంది. పోయిన వారం ఇనుప స్తంభం పట్టుకుంటే చెయ్యి చిమచిమలాడిందని చెప్పింది. ఎండకి కాలిందేమో అనుకున్నాను.

వైరింగ్_మావయ్య
ఎండకి కాలితే చురుక్కుమంటుంది, చిమచిమలాడదు. అది కరెంటు లీకేజీ కావచ్చు. అమ్మగారిని షెడ్డు దరిదాపుల్లోకి వెళ్లనీయకండి. ఎర్తింగ్, ఇన్సులేషన్ మీటరు పెట్టి చూడాలి. ఆదివారం నేనే వస్తాను, డబ్బులేమీ వద్దు.

గాజువాక_రమణ
మేడ మెట్ల తలుపుకి తాళం వేశాను. ఆదివారం రండి మావయ్యా. వచ్చినప్పుడు ఆ సందు కూడా కొలిచి కాగితం మీద రాసివ్వండి. బిగించినవాళ్ల ముందు పెడతాను.